హద్దులు లేని అంకెలు

తబూక్ అంటే మనవాళ్లలో చాలామందికి ఎక్కడుందో తెలీదు. రియాద్ తెలుసు, జెడ్డా తెలుసు, దమ్మామ్ తెలుసు. "తబూకా? అది సౌదీలోనేనా అండీ?" అని నన్నడిగినవాళ్లలో పదేళ్లుగా సౌదీలో ఉంటున్నవాళ్లు కూడా ఉన్నారు. దేశానికి వాయవ్య మూలన, జోర్డాన్ సరిహద్దుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఈ ఊరు. చలికాలం వస్తే స్వెట్టరు లేకుండా బయటికి రాలేం. దగ్గర్లోని జబల్ అల్ లౌజ్ కొండ మీద కొన్నేళ్లు మంచు కూడా పడుతుంది. ఎడారి మధ్యన గోధుమ పొలాలు, పూలతోటలు. ఆ తోటల్లో, ఆస్పత్రుల్లో, వర్క్‌షాపుల్లో అక్కడక్కడా మన తెలుగు మాట వినిపిస్తుంది.

ఊళ్లో హిజాజ్ రైల్వే వాళ్ల పాత స్టేషను ఒకటుంది. డమాస్కస్ నుంచి 1908లో మదీనా దాకా పూర్తయిన లైను అది. ఆ పట్టాల మధ్య దూరం 1050 మిల్లీమీటర్లు. మన మీటర్ గేజికి 50 మిల్లీమీటర్లు ఎక్కువ. అంత చిన్న తేడాకే ఒక దేశపు పెట్టె ఇంకో దేశపు పట్టా మీద నడవదు. గుంతకల్లులో మీటర్ గేజి, బ్రాడ్ గేజి కలిసే రోజుల్లో సరుకంతా ఒక వ్యాగన్లోంచి దించి ఇంకో వ్యాగన్లోకి ఎక్కించేవారని మా నాన్న చెప్పేవారు. ఆ కూలీ, ఆ ఆలస్యం, దారిలో పగిలే సామాను, ఇవన్నీ అందరికీ అలవాటైపోయిన ఖర్చు. పరిశోధనాలయాల్లో ఇప్పటికీ అదే ఖర్చు రోజూ జరుగుతోందని, అది ఎవరి లెక్కలోనూ కనబడదని నాకు తబూక్ వచ్చాకే తెలిసింది.

నేను కంప్యూటర్ల మనిషిని. కెమిస్ట్రీతో నా బంధుత్వం ఇంటర్మీడియట్‌తో తెగిపోయింది. అలాంటివాణ్ణి ఎలక్ట్రోకెమిస్ట్రీ గురించి రాయబోతున్నానంటే, ఇక్కడ ఆ మాట వినకుండా బతకడం కష్టం కనక. 2017లో ప్రకటించిన నియోమ్ ఈ తబూక్ ప్రాంతంలోదే. అక్కడ ఎర్ర సముద్రం ఒడ్డున, ఆక్సగాన్ దగ్గర, ఎండతోనూ గాలితోనూ కరెంటు తీసి, ఆ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తయారుచేసే కర్మాగారానికి 2023లో 840 కోట్ల డాలర్ల పెట్టుబడి ఖరారైంది. అనుకున్న లక్ష్యం రోజుకు 600 టన్నుల హైడ్రోజన్. దాన్ని అమ్మోనియాగా మార్చి ఓడల్లో పంపుతారు. నీటిని విడగొట్టే యంత్రాలే 2 గిగావాట్ల పైచిలుకు.

నీటిని కరెంటుతో విడగొట్టడం హైస్కూల్లో మనమంతా చూసినదే. బ్యాటరీకి రెండు తీగలు కట్టి నీళ్లలో ముంచితే బుడగలొస్తాయి. కర్మాగారంలోనూ జరిగేది అదే. తేడా అంతా ఖర్చులో ఉంది. ఒక కిలో హైడ్రోజన్‌కి దాదాపు 50 యూనిట్ల కరెంటు పడుతుంది. 600 టన్నులంటే రోజుకు 3 కోట్ల యూనిట్లు. ఒక్కో సెల్‌కి సుమారు 2 వోల్టులు పడుతుందనుకుందాం. ఎలక్ట్రోడ్ పలక మీది పూత మెరుగుపడి అందులో 0.1 వోల్టు తగ్గితే ఐదు శాతం ఆదా. అంటే రోజుకు 15 లక్షల యూనిట్లు. ప్రపంచమంతా ఎలక్ట్రోకెమిస్టులు ఆ 0.1 వోల్టు కోసం ఎందుకు తపస్సు చేస్తున్నారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఇలాంటి పలకల్నీ పూతల్నీ పరీక్షించి రిపోర్టులిచ్చే చిన్న ప్రైవేటు ల్యాబ్ ఒకటి 2025 మొదట్లో నన్ను పిలిచింది. పేరు అనవసరం. పాత కంప్యూటర్లు పాడైపోతున్నాయి, వాటిలో ఉన్నదంతా కొత్త సర్వర్‌లోకి మార్చాలన్నారు. రెండు వారాల పని అనుకుని ఒప్పుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

ఫైళ్లు మార్చడానికి రెండు రోజులు చాలింది. మిగతా కాలమంతా ఆ ఫైళ్లలో ఏముందో తెలుసుకోవడానికే. యంత్రాలు మూడు కంపెనీలవి. ఒక్కో కంపెనీ యంత్రం తన సొంత పద్ధతిలో ఫైలు రాస్తుంది, ఒకదాని ఫైలు ఇంకోదానికి అర్థం కాదు. అందుకని అందరూ ఎక్సెల్‌లోకి దించుకునేవారు, గుంతకల్లులో వ్యాగన్లు మార్చినట్టు. యూరప్ పద్ధతిలో అమర్చిన కంప్యూటరు దశాంశ బిందువుకి బదులు కామా పెడుతుంది. దాన్ని ఇంకో కంప్యూటర్లో తెరిస్తే 0,245 కాస్తా 245 అయి కూచుంటుంది. కరెంటు ఎటు ప్రవహిస్తే ప్లస్ గుర్తు అనే విషయంలో కూడా పాత అమెరికన్ పుస్తకాలది ఒక దారి, అంతర్జాతీయ సంఘానిది ఇంకో దారి. కొన్ని గ్రాఫులు కుడి ఎడమైపోయి ఉన్నాయి. కరెంటును పలక వైశాల్యంతో భాగించిన అంకెలు కొన్ని, భాగించనివి కొన్ని. ఏవి ఏవో రాసిలేదు.

ఇక తారీకులు. ఫోల్డర్లకు హిజ్రీ తారీకులు పెట్టారు. ఒక ఫోల్డర్ పేరు 09-03-1445. అది రబీ ఉల్ అవ్వల్ నెల తొమ్మిదో తారీకైతే 2023 సెప్టెంబరు. అమెరికా పద్ధతిలో నెల ముందు పెట్టారనుకుంటే రంజాన్ మూడో తారీకు, అంటే 2024 మార్చి. ఆరు నెలల తేడా. తారీకులో ఆరు నెలలు అటూ ఇటూ అయితే కొంప మునిగేదేముంది అని నేనూ అనుకున్నాను. మునిగేదే.

ఆ ల్యాబ్‌లో జోర్డాన్ కుర్రాడొకడు ఇంజనీరు, తెలివైనవాడు. ఒక సరఫరాదారు పంపిన నికెల్ పూత పలకల ఫలితాలు వరుసగా పేర్చి చూస్తే, ఒక దశ నుంచి అంకెలన్నీ 0.1 వోల్టు పైకి లేచి ఉన్నాయి. అంటే పలకలు పాడయ్యాయి, లేదా సరఫరాదారు నాణ్యత తగ్గించాడు. ఆ పూత పనికిరాదని రిపోర్టు సిద్ధం చేస్తున్నాడు. రిపోర్టు వెళితే ఆ సరఫరాదారుకి ఆర్డరు పోయినట్టే.

ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ భరించాలి. ఎలక్ట్రోడ్ వోల్టేజికి దానంతట దానికి అర్థం లేదు. దేన్నుంచి కొలిచామన్నది చెప్పాలి. మన రైల్వే స్టేషన్ల పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తో రాసి ఉంటుంది చూడండి, అలాగ. ఎలక్ట్రోకెమిస్ట్రీలో ఆ సముద్రమట్టం పేరు ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్. దానికి సున్నా అని అందరూ ఒప్పుకున్నారు. దాన్ని రోజూ వాడటం కష్టం కాబట్టి ల్యాబుల్లో వేరే కొలబద్దలు పెట్టుకుంటారు. వాటిని రిఫరెన్స్ ఎలక్ట్రోడ్లంటారు. వెండి, సిల్వర్ క్లోరైడ్ ఉన్నది దాదాపు 0.2 వోల్టుల ఎత్తున ఉంటుంది. పాదరసం, మెర్క్యురిక్ ఆక్సైడ్ ఉన్నది దాదాపు 0.1 దగ్గర ఉంటుంది, క్షారం గాఢతను బట్టి కొంచెం అటూ ఇటూ. ఒకే కొండని చెరువు గట్టు మీంచి కొలిస్తే 20 మీటర్లు రావచ్చు, చెరువు అడుగు నుంచి కొలిస్తే 25 రావచ్చు. కొండ పెరగలేదు.

ఫైళ్లలో ఏ రిఫరెన్స్ ఎలక్ట్రోడో రాయడానికి ఒక గడి ఉంది. ఎవరూ నింపలేదు. అన్ని వేల ఫైళ్లలోనూ ఖాళీ.

ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ల్యాబ్‌లో ఎనిమిదేళ్లుగా టెక్నీషియన్‌గా చేస్తున్న మన తెలుగాయన. అనకాపల్లి దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆయన్ని నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవారు. ఇంకో మూడు నెలల్లో ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికెళ్లిపోతున్నారు. వెళితే మళ్లీ రారు.

ఒక సాయంత్రం ఆయన గదిలో టీ తాగుతూ ఈ 0.1 వోల్టు గొడవ చెప్పాను. ఆయన లేచి, మంచం కింది ట్రంకు పెట్టెలోంచి నాలుగు పొడుగు నోటు పుస్తకాలు తీశారు. అన్నీ తెలుగులో. ఒకచోట ఇలా ఉంది: "సంక్రాంతి మర్నాడు. వెండిది తీసేశాను, క్షారంలో నిలవడం లేదు. ఇవాళ్టి నుంచి పాదరసంది."

ఏ సంవత్సరమని అడిగాను. "మనవరాలు పుట్టిన ఏడు" అన్నారు. అంటే 2024 జనవరి. వెండి ఎలక్ట్రోడ్ గాఢమైన క్షారంలో ఎక్కువ కాలం నమ్మకంగా పనిచెయ్యదు. పాదరసంది అక్కడ సరైనది. ఆయన చేసిన మార్పు మంచి మార్పు. చెప్పమని ఎవరూ అడగలేదు, చెప్పడానికి ఆయనకి ఇంగ్లీషులో గడి చూపించలేదు. ఆ ల్యాబ్ డేటాకంతటికీ ప్రాణంలాంటి ఒక్క వాక్యం ట్రంకు పెట్టెలో తెలుగులో ఉంది. అక్కడ పనిచేసే సూడాన్, ఫిలిప్పీన్స్, జోర్డాన్, ఈజిప్టు వాళ్లలో ఒక్కరికీ అది చదవడం రాదు.

ఇప్పుడు ఆ 09-03-1445 ఫోల్డరుకి విలువ వచ్చింది. సెప్టెంబరుదైతే వెండి, మార్చిదైతే పాదరసం. ఎక్సెల్ ఫైళ్లలో ఆ గుట్టు లేదు. యంత్రం రాసిన అసలు ఫైలు లోపల మాత్రం పరీక్ష మొదలైన క్షణం పడి ఉంటుంది. ఇలాంటి ఫైళ్లను కంపెనీల సాఫ్ట్‌వేర్ లేకుండానే చదివే ఉచిత పనిముట్లు కొందరు పరిశోధకులు తయారుచేసి పెట్టారు. యాడ్జ్ అని ఒకటుంది, దానితో చదివించాను. మార్చి. అంకెలన్నీ ఒకే సముద్రమట్టానికి దించి మళ్లీ గ్రాఫు గీస్తే పలకలు మొదట్లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. జోర్డాన్ కుర్రాడు రిపోర్టు చింపేసి బాబాయ్ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని ఊపాడు. బాబాయ్‌కి ఎందుకో అర్థం కావడానికి కాసేపు పట్టింది.

మన ఊళ్లో పొలం దస్తావేజు రాసేటప్పుడు ఎకరం ఇరవై సెంట్లు అని రాసి ఊరుకోరు. సర్వే నంబరు రాస్తారు. తూర్పున ఎవరి పొలం, పడమర ఏ కాలవ, ఉత్తరాన ఏ దారి, దక్షిణాన ఏ గట్టు, నాలుగు హద్దులూ రాస్తారు. అమ్మినవాడూ కొన్నవాడూ పోయాక మూడో తరంవాడు చదివినా పొలం దొరకాలి. పరిశోధన అంకెకి కూడా హద్దులు కావాలి. ఏ పలక, ఎంత వైశాల్యం, ఏ ద్రావణం, ఎంత గాఢత, ఎంత వేడి, ఏ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్, ఏ యంత్రం, ద్రావణం నిరోధాన్ని లెక్కలోంచి తీసేశారా లేదా, ఎప్పుడు, ఎవరు.

ఈ పని కొన్ని శాస్త్రాలవాళ్లు ఎప్పుడో చేసుకున్నారు. ప్రొటీన్ డేటా బ్యాంక్ 1971లో ఏడంటే ఏడు ప్రొటీన్ల నిర్మాణాలతో మొదలైంది. స్ఫటికాల శాస్త్రజ్ఞులు 1991 నుంచి అంతా ఒకే రకం ఫైలు వాడుతున్నారు. ప్రొటీన్ బ్యాంకులో 2023 నాటికి రెండు లక్షలు దాటాయి. అన్నీ ఒకే పద్ధతిలో ఉన్నాయి కాబట్టే ఆల్ఫాఫోల్డ్ వాటి మీద నేర్చుకుని ప్రొటీన్ల ఆకారాలు చెప్పగలిగింది, 2024లో ఆ పనికి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. బహుమతి తీసుకున్నవాళ్ల ఫొటోలు మనం చూశాం. యాభై ఏళ్లు ఓపిగ్గా గడులు నింపినవాళ్ల ఫొటోలు ఎక్కడా లేవు.

ఎలక్ట్రోకెమిస్టులు ఈ విషయంలో కొంచెం వెనకబడ్డారు. అసలు ఎలక్ట్రోడ్‌కి ఏ గుర్తు పెట్టాలన్న తగువు తేలడానికే 1953 దాకా పట్టింది. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఆ ఏడు స్టాక్‌హోమ్‌లో కూచుని ఒక మాట మీదికొచ్చింది. కారైకుడిలో మన కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ తలుపులు తెరిచింది కూడా ఆ ఏడే. డేటా సంగతికి వస్తే 2016లో ఫెయిర్ సూత్రాలని నాలుగు వచ్చాయి. డేటా వెతికితే దొరకాలి, తెరుచుకోవాలి, వేరేవాళ్ల డేటాతో కలవాలి, మళ్లీ వాడుకోడానికి పనికిరావాలి. యూరప్‌లో 2020లో మొదలైన బిగ్ మ్యాప్ అనే ప్రాజెక్టువాళ్లు బ్యాటరీల మాటలన్నిటికీ బ్యాట్‌ఇన్ఫో అనే ఒక నిఘంటువు కట్టారు. కంప్యూటరుకి కూడా అర్థమయ్యే నిఘంటువు. ఈకెమ్‌డీబీ అని ఇంకో ప్రయత్నం ఉంది. పాత పేపర్లలో అచ్చయిన గ్రాఫుల గీతలను వాళ్లు మళ్లీ అంకెల్లోకి మార్చి హద్దులతో సహా దాస్తున్నారు. ఒకరు యంత్రంతో కొలిచి, గీతగా గీసి, అచ్చువేసి, అంకెలు పారేస్తే ఇంకొకరు ఆ గీత వెంట గీసుకుంటూ అంకెలు ఏరుకోవడం. వ్యాగన్ల మార్పు దీనికంటే నయం.

ల్యాబ్‌లో నేను చేసింది వీటిముందు చాలా చిన్నది. యంత్రం రాసిన అసలు ఫైలుని ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంచాలి. దాని పక్కన అంకెల పట్టిక ఒకటి, పై వరుసలో ప్రతి నిలువు గడికీ పేరు, కొలత. మూడోది, ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే మామూలు అక్షరాల ఫైలు. అందులో ఇరవై గడులు. గడుల పేర్లు మేం కల్పించలేదు, ఆ నిఘంటువులోవే తీసుకున్నాం. తారీకు ముందు సంవత్సరం, తరవాత నెల, తరవాత రోజు. రిఫరెన్స్ గడి ఖాళీగా ఉంటే ఫైలు సర్వర్‌లోకి వెళ్లదు. అంతే.

పాత ఫైళ్లకి ఆ గడులు నింపాలంటే బాబాయ్ కావాలి. అక్కడ వచ్చింది చిక్కు.

"అన్నీ రాసిచ్చీమంటావు. బుర్రలో ఉన్నంతవరకే బాబూ మనకి విలువ. రాసిచ్చేత్తే ఇంక మనతో పనేటి?" అన్నారాయన.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. మా వృత్తిలో దీన్ని కేటీ అంటారు, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. మన కుర్రాళ్లు ఎంతమందో అమెరికాలో తమ సీట్లోకి రాబోయేవాడికి తామే పని నేర్పి, మూడో వారం బాడ్జి తిరిగిచ్చి వచ్చారు. అంతకుముందు వాళ్లు వచ్చింది కూడా ఇంకెవరో అలా నేర్పి లేచిపోయిన సీట్లలోకే. డేటా పంచుకోవాలి అని సభల్లో చెప్పేవాళ్ల ఉద్యోగం చాలావరకు గట్టిది. ఇకామా మీద బతికేవాడికి తనకొక్కడికే తెలిసిన సంగతి ఒక్కటైనా ఉండటం అన్నం లాంటిది. ఆ భయాన్ని కాదనడానికి నా దగ్గర సరైన మాట లేదు. గల్ఫ్‌లో అందరం ఎప్పుడో ఒకప్పుడు పోయేవాళ్లమే కాబట్టి ఇక్కడి ల్యాబుల జ్ఞాపకం విమానాశ్రయం గుండా వెళ్లిపోతూనే ఉంటుంది, రాసిపెట్టడం ఇక్కడే ఎక్కువ అవసరం అని చెప్పాలనిపించింది. కానీ ఆ అవసరం ల్యాబ్‌ది, ఆయనది కాదు.

నాలుగు రోజులు పోయాక ఆయనే అడిగారు. "ఆ ఫైల్లో సేసినోడి పేరుకి గడి ఉందా?"

ఉంది. క్రియేటర్ అనే గడి. నేను దాన్ని ల్యాబ్ పేరుతో నింపుదామనుకుంటున్నాను, వాళ్లు అలాగే చెప్పారు. ఎనిమిదేళ్లలో ఆ ల్యాబ్ నుంచి వెళ్లిన రిపోర్టుల్లో ఎక్కడా ఆయన పేరు లేదు. టెక్నీషియన్ల పేర్లు వెయ్యరు. నేను వెళ్లి డైరెక్టరుతో మాట్లాడాను. నిఘంటువు ప్రకారం ఆ గడిలో కొలిచిన మనిషి ఉండాలి, సంస్థకి వేరే గడి ఉంది అని చూపించాను. ఆయన పెద్దగా ఆలోచించకుండానే సరేనన్నాడు. ఆయనకి అది ఇరవైలో ఒక గడి.

అప్పుడు పేరు దగ్గర ఇంకో తమాషా. బాబాయ్ పేరు పాస్‌పోర్టులో ఒకలా ఉంది, ఇంటిపేరు చివరికెళ్లి. ఇకామాలో అరబిక్‌లోకి వెళ్లి మళ్లీ ఇంగ్లీషులోకి తిరిగొచ్చి ఇంకోలా ఉంది. జీతం కాగితంలో తండ్రి పేరే ఆయన పేరైంది. విదేశాల్లో ఉండే తెలుగువాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పరిశోధకులకి ఈ బాధ తప్పించడానికే 2012లో ఆర్కిడ్ అని 16 అంకెల నంబరు ఒకటి తెచ్చారు. పేరు ఎన్ని వేషాలు వేసినా మనిషి ఒకడేనని చెప్పే నంబరు. ఎవరైనా డబ్బు కట్టకుండా తీసుకోవచ్చు. డిప్లొమా చదివిన టెక్నీషియన్ కూడా. ఆయనకొకటి తీశాం. పేరు మాత్రం ఇంటిపేరు ముందు పెట్టి పూర్తిగా వెయ్యమన్నారు, బళ్లో హాజరు పట్టీలో ఉన్నట్టు.

తరవాత ఇరవై మూడు సాయంత్రాలు కూచున్నాం. ఆయన నోటు పుస్తకం చదవడం, నేను గడులు నింపడం. "ఇక్కడ కరెంటు పోయింది, ఈ కొలత నమ్మకు." "ఈ పలక అంచు కొంచెం విరిగింది, వైశాల్యం తక్కువ ఏసుకో." తెలుగు పేజీలను ఫొటోలు తీసి ఫైళ్ల పక్కనే పెట్టాను, ఇంగ్లీషులో అర్థం రాసి. అన్ని ఫైళ్లూ పూర్తి కాలేదు. మొదటి రెండేళ్లవి నోటు పుస్తకం లేదు, ఆయనకీ గుర్తు లేదు. వాటి రిఫరెన్స్ గడిలో "తెలియదు" అని రాశాం. ఖాళీకీ ఆ మాటకీ చాలా తేడా ఉంది. ల్యాబ్ ఆ డేటాని బయటివాళ్లకి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఖాతాదారుల సొమ్మది, ఒప్పుకోకపోవడంలో తప్పు లేదు. గడుల నమూనా మాత్రం ఎవరికైనా ఇవ్వచ్చన్నారు.

బాబాయ్ 2025 వేసవిలో వెళ్లిపోయారు. వాళ్ల ఊరికి దగ్గర్లోనే పూడిమడక ఉంది. అక్కడ రోజుకు 1500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యంగా ఎన్‌టీపీసీ వాళ్ల హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న విశాఖలో శంకుస్థాపన జరిగింది. ఎనిమిదేళ్లు ఏ పని కోసం సముద్రాలు దాటి వచ్చారో అదే పని వాళ్ల ఊరి పొలిమేరకి వస్తోంది. ఆయన వయసుకి అందులో ఉద్యోగం ఇవ్వరు, ఆయనకీ ఆ ఆశ లేదు.

మొన్న ఫోను చేశారు. తమ్ముడి కొడుకు విశాఖలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేరాడట. ప్రాజెక్టులో ఇనప ముక్కల తుప్పు మీద కొలతలు తీస్తున్నాడట. వాడి నోటు పుస్తకం తిరగేసి చూశారట ఈయన.

"అంకెలున్నాయి బాబూ, పక్కన ఏటీ లేదు. దేంతో కొలిసావురా అంటే నవ్వుతున్నాడు. నువ్వా ఇరవై గడుల కాగితం ఒకటి పంపీ" అన్నారు.

ఇంగ్లీషుది పంపనా, తెలుగుది రాసి పంపనా అని అడిగాను. రెండూ పంపమన్నారు.